పాత రంపాలు, పనివాళ్ళ చేతులు

భరించరాని బాధను మనం రంపపుకోత అంటాం. అత్తింటి ఆరళ్ళకూ, అప్పులవాళ్ళ వేధింపులకూ తెలుగులో ఇదే మాట. ఈ మాట అన్నప్పుడు మన మనసులో మెదిలేది రంపం కింద పడిన దుంగ. రంపం లాగే మనిషిని ఎవరూ తలుచుకోరు. అమెరికాలో పసిఫిక్ తీరపు అడవుల్లో చెట్లు పడగొట్టిన కూలీలు మాత్రం ఈ సంగతిని రెండోవైపు నుంచి చూశారు. ఇద్దరు మనుషులు చెరొక కొసా పట్టుకుని పొద్దుగూకులూ లాగే పొడుగాటి రంపానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు "కడగండ్ల కొరడా" అని అర్థం చెప్పుకోవచ్చు. వాళ్ళ లెక్కలో రంపపుకోతకు గురైనది చెట్టు కాదు, తామే.

ఆ కొరడాను మూల పడేసింది చెయిన్‌సా, అంటే మోటారుతో తిరిగే గొలుసు రంపం. ఇప్పుడు ఆ చెయిన్‌సాలే పాతబడ్డాయి. 1940, 50, 60 దశాబ్దాలలో తయారై, అడవుల్లో అరిగి, కొట్టాల్లోనూ పాతసామాను దుకాణాల్లోనూ తుప్పు పట్టిన రంపాలను వెతికి తెచ్చి, ఊడదీసి, కడిగి, మళ్ళీ నడిపించి దాచుకునేవాళ్ళు అమెరికా, కెనడా, జర్మనీ, స్వీడన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో చాలామంది ఉన్నారు. వీళ్ళు అప్పుడప్పుడు ఒకచోట చేరి తమ రంపాలను బల్లలమీద వరసగా పేర్చి ఒకరికొకరు చూపుకుంటారు. దుంగలు తెచ్చుకుని కోసి చూస్తారు. శబ్దం విని, ఇది ఫలానా కంపెనీ ఫలానా రకం అని చెప్పగలవాళ్ళు వీళ్ళలో ఉన్నారు.

ఇది ఒక సరదా కదా, దీన్ని గురించి విమర్శ వ్యాసం రాయవలసినంత ఏమున్నది అని పాఠకులు అడగవచ్చు. ఉన్నది. తపాలా బిళ్ళలు పోగుచేసేవాడి సరదా వేరు. చెయిన్‌సా ఉత్పత్తి సాధనం. దాన్ని పట్టుకుని మనుషులు కూలి చేశారు, వేళ్ళు పాడుచేసుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అటువంటి వస్తువుకు మెరుగు పెట్టి గోడకు వేలాడదీసి మురిసిపోవటాన్ని ఏమనాలి? అది శ్రమను గౌరవించటమా, శ్రమను మరిపించటమా? శ్రమజీవుల పక్షాన నిలబడాలనుకునే మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. వస్తువు పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా దాని నీతిని చర్చించటం నేల విడిచి సాము చెయ్యటమే.

గొలుసు రంపం మొదట కోసింది చెట్లను కాదు, ఎముకలను. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె అనే ఆయన చేతితో తిప్పే గొలుసు రంపాన్ని శస్త్రచికిత్స కోసం తయారుచేశాడు. అటువంటిది మోటారుతో అడవికి చేరటానికి ఇంచుమించు వందేళ్ళు పట్టింది. 1926లో ష్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ ష్టీల్ విద్యుత్తుతో నడిచే రంపం తయారుచేశాడు. దాని బరువు 64 కిలోలు. 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని టురింగియాలోని డోల్మర్ అనే కొండమీద పరీక్షించాడు. ఆ కొండపేరే తరువాత కంపెనీ పేరయింది. ఆ రంపం 58 కిలోలు. 1929లో ష్టీల్ చేసిన పెట్రోలు యంత్రం 46 కిలోలకు దిగింది. ఇవన్నీ ఇద్దరు మనుషులు కలిసి మొయ్యవలసినవే. రంపం ఒక్కమనిషి చేతికి విరివిగా అందింది రెండో ప్రపంచయుద్ధం తరువాతనే. 1949లో అమెరికాలో మెకల్లక్ కంపెనీ 25 పౌన్ల రంపాన్ని బజారులో పెట్టింది. 1950లో ష్టీల్ కంపెనీ 16 కిలోల రంపాన్నీ, 1959లో 12 కిలోల "కాంట్రా"నూ తెచ్చింది. 1689లో తుపాకుల కార్ఖానాగా మొదలైన స్వీడన్ కంపెనీ హస్క్‌వార్నా తన మొదటి చెయిన్‌సాను అదే 1959లో విడుదల చేసింది.

మోటారు తేలికపడినంత మాత్రాన చాలదు, గొలుసుకుండే పన్ను కూడా మారాలి. తొలిరోజుల గొలుసుల పళ్ళు చేతిరంపం పళ్ళ లాగే కట్టెను గీకేవి. మాటిమాటికీ ఆకురాయి పట్టి పదును పెట్టుకోవలసి వచ్చేది. 1946లో ఆరెగాన్ రాష్ట్రంలో జోసఫ్ కాక్స్ అనే అడవి పనివాడు కట్టెను తొలిచే ఒక పురుగును నిదానించి చూశాడు. అది కొడవళ్ళలా వంగిన రెండు దవడలతో కుడికీ ఎడమకూ మార్చి మార్చి తొలుచుకుపోతున్నది. పీచుకు నిలువైనా అడ్డమైనా దానికి ఒకటే. 1947లో కాక్స్ పోర్ట్‌లండ్‌లోని తన ఇంటి నేలమాళిగలో ఆ పద్ధతిని అనుసరించే గొలుసు తయారుచేసి అమ్మసాగాడు. ఈనాటి చెయిన్‌సా పన్ను ఆ పద్ధతికి వారసురాలే. ఈ కథలో గమనించవలసింది పురుగు ఒక్కటే కాదు, దాన్ని చూసిన కన్ను. గొడ్డలి కింద పగిలిన ప్రతి దుంగలోనూ ఎవరో ఒకరు ఆ పురుగును చూసే ఉంటారు. కోతతో విసిగినవాడి కంటికి మాత్రమే అది పనిముట్టుగా కనిపించింది. పనిముట్టులో దాగివున్న తెలివి చాలావరకు పనివాడి తెలివే. దానిమీద అచ్చయ్యే పేరు మాత్రం యజమానిది.

ఇక బాగుచెయ్యటం సంగతి. పాత రంపం చేతికి రాగానే అనుభవం ఉన్నవాడు దాని తాడు పట్టి లాగడు. తొందరపడి లాగితే లోపల చేరిన తుప్పూ ఇసుకా సిలిండరు గోడను గీరేస్తాయి. పిస్టను బిగుసుకుపోయి ఉంటే స్పార్కు ప్లగ్గు ఊడదీసి ఆ రంధ్రంలో నూనె పోసి రోజుల తరబడి ఆగాలి. మాగ్నెటోలో పాయింట్ల మీద పట్టిన చిలుమును సన్నగా రుద్ది, వాటి మధ్య సందును కొలిచి సరిచెయ్యాలి. కార్బురేటరులో ఉండే రబ్బరు పొర ఏళ్ళ తరబడి ఎండి అట్టముక్కలాగా బిగుస్తుంది, దాన్ని మార్చాలి. ఈనాడు అమెరికాలో పెట్రోలులో కలిపే ఆల్కహాలు అటువంటి పాత రబ్బరును త్వరగా చెడగొడుతుంది గనక, ఆల్కహాలు కలపని పెట్రోలు వెతుక్కోవాలి. పాత రంపాల్లో చాలావాటికి 16 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె కలపమని కంపెనీలు చెప్పాయి. నూనెలు ఇప్పుడు మెరుగుపడ్డాయి గనక అంత పొయ్యాలా వద్దా అన్నది వీళ్ళలో తెగని తగువు. కంపెనీ మూతపడితే విడిభాగాలు దొరకవు. అప్పుడు చచ్చిన రంపాలు రెండో మూడో విప్పి, ఆ సామానుతో ఒక బతికిన రంపాన్ని నిలబెడతారు.

ఇటువంటి సరదాలను చూస్తే మనలో కొందరికి ఒళ్ళు మంట. వాళ్ళ వాదం ఇది: పనిముట్టును పని నుంచి వేరుచేసి ముద్దు చెయ్యటమంటే మనిషిని వదిలి వస్తువును పూజించటమే. ఇది కడుపు నిండినవాడి కాలక్షేపం. ఈ వాదంలో నిజం లేకపోలేదు, కాని తొందరపాటు ఎక్కువ.

మొదటి సంగతి, ఈ పని చేసేవాళ్ళందరూ కడుపు నిండిన దొరలు కారు. ఒకప్పుడు అడవిలో కూలి చేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, మెకానిక్కులు, చిన్న రైతులు వీళ్ళలో ఉన్నారు. తండ్రి చేతిలో చూసిన రంపం వంటిదాన్నే ఏళ్ళ తరబడి వెతికేవాళ్ళున్నారు. అటువంటివాడి ప్రేమను వస్తుపూజ అని కొట్టిపారేస్తే మనం మనిషిని చూడలేదన్నమాట.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. వాడకుండా పడివున్న యంత్రం క్రమంగా యంత్రమే కాకుండా పోతుందనీ, బతికివున్న మనిషి శ్రమ వచ్చి తాకితేనే గతకాలపు శ్రమ దానిలో మేలుకుంటుందనీ మార్క్స్ "పెట్టుబడి" మొదటి సంపుటంలో వివరించాడు. పాత రంపాన్ని బాగుచేసేవాడు చేస్తున్నది అక్షరాలా ఆ పనే. వస్తువులను పోగుచేసేవాడి గురించి జర్మన్ విమర్శకుడు వాల్టర్ బెన్యమిన్ 1935లో ఒక పదునైన మాట చెప్పాడు. సంగ్రాహకుడు వస్తువుకు అంటుకున్న సరుకు స్వభావాన్ని వదిలించాలని చూస్తాడట. కాని దానికి ఉపయోగపు విలువను తిరిగి ఇవ్వలేడు, తన అభిరుచి విలువను మాత్రం ఇస్తాడట. బొమ్మలనూ పింగాణీనీ పోగుచేసేవాడి విషయంలో ఈ మాట నిజమే. రంపాలవాడి విషయంలో మాత్రం ఇది పూర్తిగా వర్తించదు. వాడికి రంపం నడవాలి. నడవటం ఒక్కటే కాదు, కొయ్యాలి. దుంగలో దిగి పొట్టు ఎగజిమ్మేదాకా వాడికి తృప్తి లేదు. అంటే వాడు ఇవ్వజూస్తున్నది ఉపయోగపు విలువనే.

ఆ మనిషి సంతోషం ఎక్కడిదో ఆలోచించండి. వారమంతా ఎవరి ఫ్యాక్టరీలోనో ఎవరి వస్తువులోనో ఒక ముక్క బిగిస్తాడు. దాని ముందేమిటో వెనకేమిటో అతనికి అక్కరలేదు, తెలియనివ్వరు కూడా. ఆదివారం నాడు తన కొట్టంలో మాత్రం మొదటి మరమేకు నుంచి చివరి మరమేకు దాకా పని తనది. ఎక్కడ ఆగాలో తానే నిర్ణయిస్తాడు. పొరపాటు చేస్తే తానే దిద్దుకుంటాడు. పని పూర్తయిన క్షణాన మోటారు గొంతు సవరించుకుంటే ఆ ధ్వని తన పనికి జవాబుగా వినిపిస్తుంది. శ్రమలో మనిషికి దక్కవలసిన ఆనందం ఇదే. జీవనోపాధిలో పోగొట్టుకున్నదాన్ని అతను సరదాలో వెతుక్కుంటున్నాడు. ఇందులో నేరం అతనిది కాదు. నిండుగా పనిచెయ్యటం కాలక్షేపమైపోయి, అరకొరగా పనిచెయ్యటం బతుకుతెరువు అయిన వ్యవస్థది ఆ నేరం.

దీనికి ఈనాటి విశేషం మరొకటి తోడయింది. కొత్త చెయిన్‌సాలు కొన్నింటిలో పెట్రోలూ గాలీ ఏ పాళ్ళలో కలవాలో చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. దానివల్ల ఇంధనం ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది, అది మంచిదే. కాని పనివాడి స్క్రూడ్రైవరుకు అక్కడ చోటు లేదు. జబ్బు ఏమిటో తెలుసుకోవాలంటే డీలరు దగ్గర ఉన్న పరికరం కావాలి. డబ్బిచ్చి కొన్న పనిముట్టును విప్పి చూసే అధికారం కొన్నవాడికి లేకుండా పోతున్నది. పాత రంపం ఎవరైనా విప్పగల పుస్తకం. దాన్ని విప్పి చదవగలవాళ్ళు నలుగురు మిగిలివుండటం సమాజానికి నష్టం కాదు.

ఇంతవరకూ పాత రంపాల ప్రేమికుల తరపున వకాల్తా పుచ్చుకున్నాం. ఇకపోతే రెండోవైపు.

వీళ్ళలో రెండు పద్ధతులవాళ్ళున్నారు. ఒకరు రంపాన్ని పూర్తిగా గీకి, కొత్త రంగు వేసి, కంపెనీ బొమ్మను మళ్ళీ అచ్చువేయించి అతికించి, ఫ్యాక్టరీ నుంచి ఆవేళే వచ్చినట్టు చేస్తారు. మరొకరు లోపలి భాగాలను బాగుచేసి, పైన ఉన్న గీతలనూ సొట్టలనూ, చెయ్యి పట్టి పట్టి రంగు పోయిన పిడినీ అలాగే ఉంచుతారు. ఇది రుచిభేదం అనుకుంటే పొరపాటు. నీతికి సంబంధించిన తగువు ఇక్కడే ఉన్నది.

నాగసేనుడు మిళిందుణ్ణి రథాన్ని గురించి అడిగిన ప్రశ్నలు మనకు తెలుసు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏ ఒక్కటీ రథం కాదు. మూడు రంపాల నుంచి కూర్చిన రంపం గురించి కూడా అలాగే అడగవచ్చు: పిస్టను రంపమా, గొలుసు రంపమా, పసుపుపచ్చ రంగు రంపమా? విడివిడిగా ఏదీ కాదు. ఒక మనిషి ఒక చెట్టును ఒకరి కూలికి కొయ్యటం అనే సంబంధంలో ఇవన్నీ కలిసినప్పుడు అది రంపం అయింది. ఆ సంబంధం జాడ ఎక్కడ మిగిలింది? పిడిమీద అరిగిన చోట మిగిలింది. విరిగిన మూతను పనివాడు ఇనుప తీగతో కట్టుకున్న కట్టులో మిగిలింది. పునరుద్ధరణ పేరుతో మొట్టమొదట చెత్తబుట్టలోకి పొయ్యేవి అవే. అవి పోయాక మిగిలేది ఎవరూ పట్టుకోని రంపం. అది అడవి నుంచి రాలేదు, ప్రకటన బొమ్మలో నుంచి ఊడిపడింది. సరుకుగా పుట్టి, పనిలో పడి కొంతకాలం సరుకు కాకుండా బతికిన వస్తువును మళ్ళీ సరుకుగా మార్చటం ఇది.

రంపాలు చేసిన ఒక యజమానే దీనికి పెద్ద ఎత్తున ఉదాహరణ చూపాడు. 1968లో రాబర్ట్ మెకల్లక్ లండన్ వంతెనను 24,60,000 డాలర్లకు కొన్నాడు. దాని రాళ్ళకు అంకెలు వేయించి, ఓడల్లో తెప్పించి, అరిజోనా ఎడారిలో తాను కట్టిస్తున్న కొత్త ఊరిలో నిలబెట్టించాడు, 1971లో ప్రారంభించాడు. లోపల కాంక్రీటు కట్టడం, పైన తాపడంగా లండన్ రాయి. ఇళ్ళస్థలాలు కొనేవాళ్ళను ఆకర్షించటానికి అది పనికివచ్చింది. పునరుద్ధరణ అంటే ఇదే అనుకునేవాళ్ళున్నారు. పాతదాని చర్మం ఒలిచి కొత్తదానికి తొడగటం దానికి సరైన పేరు. ఆ యజమాని పేరుతో నడిచిన అమెరికన్ కంపెనీ 1999లో దివాలా తీసింది.

కొత్త రంగు కింద మాసిపోయే సంగతులు ఏమిటి? ముందు పనివాడి వేళ్ళు. పాత రంపాల పిడి నేరుగా మోటారు దిమ్మకే బిగించి ఉండేది. మోటారు అదురంతా ఎముకల్లోకి పాకేది. కొన్నేళ్ళు అలా పనిచేస్తే వేళ్ళలో రక్తం సరిగా ఆడదు. చలికి అవి సున్నం కొట్టినట్టు తెల్లబడి మొద్దుబారతాయి. జబ్బు ముదిరినవాడికి చొక్కా గుండీ పెట్టుకోవటం కూడా కష్టం. ఇది చెయిన్‌సాతో పుట్టిన కొత్త జబ్బా అంటే కాదు. అదిరే పనిముట్లు వాడేవాళ్ళ వేళ్ళను గురించి ఇటలీలో లొరీగా 1911లోనే రాశాడు. 1918లో అమెరికాలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రపు సున్నపురాతి గనుల్లో గాలిసుత్తి పట్టిన రాతిపనివాళ్ళను పరీక్షించి ఈ సంగతిని వివరంగా నిరూపించింది. మొదటి తేలిక రంపాలు అమ్మకానికి వచ్చేనాటికి ఈ విజ్ఞానం వయసు ముప్ఫై ఏళ్ళు. అయినా అదురును అడ్డుకునే రబ్బరు దిమ్మలు రంపాలకు చేరటానికి 1960 దశాబ్దం నడుమ దాకా ఆగవలసి వచ్చింది. రంపం వెనక్కి ఎగిరి మొహంమీదికి వచ్చినప్పుడు గొలుసును ఆపే బ్రేకు 1970 దశాబ్దంలోగాని రాలేదు. బ్రిటన్‌లో ఈ తెల్లవేళ్ళ జబ్బును పరిహారం ఇవ్వదగ్గ వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది 1985లో. 1918 నుంచి 1985కు 67 ఏళ్ళు. ఒక పనివాడు పుట్టి, పనిచేసి, ముసలివాడయ్యేటంత కాలం.

రెండోది ఉద్యోగాలు. కడగండ్ల కొరడాకు ఇద్దరు మనుషులు కావాలి. ఆ పని నరకమే, కాని ఎదుటికొసన ఒక తోడు ఉండేది. ఒకరి ఊపిరికి ఒకరు తాళం వేసుకునేవారు. తేలిక రంపం వచ్చాక రంపం దగ్గర మనిషి ఒక్కడైపోయాడు. నలుగురు చేసే పని ఇద్దరితో పూర్తి కాసాగితే మిగిలిన ఇద్దరి సంగతి యజమాని పట్టించుకోలేదు. తరువాత చెట్టును పట్టి, కోసి, కొమ్మలు ఒలిచే భారీయంత్రాలు వచ్చి చెయిన్‌సా మనిషిని కూడా చాలాచోట్ల ఇంటికి పంపాయి. 1990లో అమెరికా ప్రభుత్వం మచ్చల గుడ్లగూబను రక్షించవలసిన పక్షుల్లో చేర్చినప్పుడు పసిఫిక్ తీరంలో పనులు పోవటానికి ఆ పక్షే కారణమని పెద్ద గొడవ జరిగింది. గుడ్లగూబకు చట్టపు రక్షణ రాకముందే యంత్రాలూ దుంగల ఎగుమతీ ఉద్యోగాలను తినటం మొదలుపెట్టాయి. పక్షిని తిట్టటం సులువు. అది సమాధానం చెప్పదు.

మూడోది పేరు వెనక ఉన్న మనుషులు. రంపం మూతమీద కొత్తగా అతికించిన ముద్ర ఎంతో అందంగా ఉంటుంది. ఆ ముద్రకు పేరిచ్చిన ఆండ్రియాస్ ష్టీల్ 1933లో నాజీ పార్టీలో చేరాడు, ఎస్.ఎస్. సభ్యుడు కూడా అయ్యాడు, యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల నిర్బంధంలో గడిపాడు. ఇందువల్ల అతని రంపం కొయ్యటం మానదు, దాన్ని బాగుచేసేవాడు పాపాత్ముడూ కాడు. కాని ఆ సంగతి తెలిసి బాగుచెయ్యటం వేరు, తెలియక పూజించటం వేరు.

నాలుగోది అడవి. 1900లో వెయర్‌హౌజర్ కంపెనీ వాషింగ్టన్ రాష్ట్రంలో 9,00,000 ఎకరాల అడవిని ఒక రైలు కంపెనీ దగ్గర ఎకరం 6 డాలర్ల చొప్పున కొన్నది. రైలు కంపెనీకి ఆ అడవిని ప్రభుత్వం ఇచ్చింది. ప్రభుత్వం ఆ నేలను ఆదివాసులతో ఒప్పందాలు రాయించుకుని పుచ్చుకున్నది. రాలిన పుల్లలు ఏరుకున్న బీదలను దొంగలుగా చూసే చట్టం గురించి 1842లో రాయవలసి వచ్చినప్పుడే తన దృష్టి మొదట ఆర్థిక ప్రశ్నలమీదికి మళ్ళిందని మార్క్స్ తరువాత చెప్పుకున్నాడు. రంపం ఎంత పదునుగా కోస్తుందన్న ప్రశ్న వెనక ఎప్పుడూ మరో ప్రశ్న ఉంటుంది: ఎవరి చెట్టును, ఎవరికోసం?

ఇవన్నీ చదివి, అయితే చేతిరంపం రోజులే బంగారు రోజులన్నమాట అని ఎవరైనా అనుకుంటే అది అంతకంటే పెద్ద పొరపాటు. ఆ బంగారు రోజుల్లో అదే పసిఫిక్ తీరంలో అడవి కూలీలు పక్కబట్టల మూట వీపున మోసుకుని శిబిరం నుంచి శిబిరానికి తిరిగేవారు. పేలతో నిండిన బల్లలమీద పడుకునేవారు. 1917లో 8 గంటల పనిదినం కోసం, మనుషులు పడుకోదగిన పక్కల కోసం సమ్మె కట్టారు. 1918లో 8 గంటల పని వచ్చింది. అది ఏ యంత్రమూ తెచ్చిపెట్టలేదు, ఏ యజమాని దయవల్లా రాలేదు. యంత్రం బరువు తగ్గించగలదు. ఆ తగ్గిన బరువు పనివాడికి విశ్రాంతి అవుతుందా, యజమానికి లాభం అవుతుందా అన్నది యంత్రం నిర్ణయించదు. కనక యంత్రాన్ని ద్వేషించటం యంత్రాన్ని పూజించటంలాంటిదే. రెండింటిలోనూ మనిషి తప్పించుకుపోతాడు.

ఇంతకూ మొదటి ప్రశ్నకు జవాబేమిటి? పనిముట్టును ప్రేమించటం తప్పు కాదు. పనిముట్టును ఒంటరిగా ప్రేమించటమే తప్పు. పాత రంపాన్ని నడిపించేవాడు దానితోపాటు దాని కథను కూడా నడిపిస్తే ఆ పునరుద్ధరణ సత్యం. రంపాన్ని పదిమందికి చూపినప్పుడు, "దీనికి బ్రేకు లేదు, పిడికి రబ్బరు లేదు, దీనితో పనిచేసినవాడి వేళ్ళు ఇలా అయ్యాయి" అని చెప్పగలగాలి. అరిగిన పిడిని అరిగినట్టే ఉంచగలగాలి. అలా చేసేవాడి కొట్టం మ్యూజియం కంటే మంచి పాఠశాల. మోటారు శబ్దానికి మురిసిపోయి మిగతాది వినిపించుకోనివాడి కొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా అది గుడి మాత్రమే.

గుడి అంటే జ్ఞాపకం వస్తున్నది. దసరాలో మన ఊళ్ళలో ఆయుధపూజ చేస్తాం. వడ్రంగి ఉలికీ రంపానికీ, డ్రైవరు బండికీ, ఫ్యాక్టరీలో యంత్రాలకూ పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెడతారు. తన చేతిని పోషించే పనిముట్టుకు పనివాడు దణ్ణం పెట్టటంలో నాకు తప్పు కనిపించదు; అందులో దైవభక్తి కంటే శ్రమ మీద గౌరవమే ఎక్కువ. కాని ఆ రోజున ఫ్యాక్టరీలో యజమాని కూడా వచ్చి అదే యంత్రానికి కొబ్బరికాయ కొట్టి పోతాడు. ఆ యంత్రంలో వేలు పోగొట్టుకున్న మనిషి అదే ఊళ్ళో ఎక్కడో ఉంటాడు. అతన్ని ఆ పూజకు ఎవరు పిలుస్తారు? పాత రంపాలవాళ్ళను మనం అడగవలసిన ప్రశ్న ఇదే. మనల్ని మనం అడుక్కోవలసిన ప్రశ్న కూడా ఇదే.